చిన్న మాటల ఇంగ్లిష్

బెల్లంపల్లిలో ఇంటర్ చదివే పిల్లను 'ఇన్వెస్టిగేట్' అంటే ఏమిటని అడగండి, చెబుతుంది. 'పోస్ట్‌పోన్' చెబుతుంది, 'టాలరేట్' చెబుతుంది, 'ఎక్స్‌టింగ్విష్' స్పెల్లింగుతో సహా చెబుతుంది. అదే పిల్లను 'లుక్ ఇంటూ', 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్', 'పుట్ అవుట్' అడిగితే ఆగిపోతుంది. లుక్ తెలుసు, ఇంటూ తెలుసు. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ తెలుసు. విడివిడిగా అన్నీ ఒకటో తరగతి మాటలే. కలిపి పలికితే మాత్రం ఎవరిదో భాష అవుతుంది.

చాలా ఏళ్లుగా సాయంత్రం పూట ఇక్కడి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. డిగ్రీ అయిపోయి హైదరాబాద్ పోదామనుకునేవాళ్లు, పాలిటెక్నిక్ పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు వస్తుంటారు. ఒకసారి ఇంటర్వ్యూకు పోయి వచ్చిన అమ్మాయి తిన్నగా క్లాసుకే వచ్చింది. అడిగినవాటన్నింటికీ జవాబులు చెప్పిందట. చివర్లో వాళ్లు అన్న ఒక్క మాట దగ్గరే ఆమెకు అనుమానం. "వీ విల్ గెట్ బ్యాక్ టు యూ అన్నరు సార్. నన్ను మళ్ల రమ్మన్నరా, వాళ్లే ఫోన్ చేస్తరా?" అని అడిగింది. వాళ్లే కబురు చేస్తారని చెప్పాను. డిగ్రీలో ఇంగ్లిష్ పేపరు మంచి మార్కులతో గట్టెక్కిన పిల్ల ఆమె. ఆమె చదివిన ఇంగ్లిష్‌కూ, ఆ గదిలో వినిపించిన ఇంగ్లిష్‌కూ మధ్య ఎంత దూరం ఉందో ఆ ప్రశ్న నాకు చూపించింది. ఆ దూరం ఎందుకు వచ్చింది, ఎట్లా తగ్గుతుంది అన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇంగ్లిష్ కథలో కొంత వెనక్కి పోవాలి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారుకు ఫ్రెంచి వచ్చింది. చర్చిలోనూ చదువులోనూ లాటిన్ అంతకుముందే ఉంది. పొలంలో, వంటింట్లో, సంతలో మాత్రం జనం పాత మాటలే మాట్లాడుకున్నారు. అందుకే ఇంగ్లిష్‌లో చాలా పనులకు రెండేసి మాటలుంటాయి. మంటను ఎక్స్‌టింగ్విష్ చేయడం లాటిన్ నుంచి వచ్చిన మాట, పుట్ అవుట్ చేయడం ఇంటి మాట. మన దగ్గర 'ఆరంభించు' పక్కన 'మొదలుపెట్టు', 'సహించు' పక్కన 'ఓర్చుకొను' ఉన్నట్టే. మనకు ఇంగ్లిష్ ఆఫీసు కాగితం మీదుగా, కోర్టు తీర్పు మీదుగా, పాఠ్యపుస్తకం మీదుగా వచ్చింది. అంటే మెట్ల పైనుంచి కిందికి దిగివచ్చింది. పైమెట్టు మాటలు ముందు నేర్చుకున్నాం. వాళ్ల ఇళ్లలో పిల్లలు మొదట నేర్చుకునే మాటలు మనకు చివరికి మిగిలాయి.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. సామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు తెచ్చినప్పుడు, ముందుమాటలోనే ఈ రకం క్రియలను ప్రత్యేకంగా ఎత్తిచూపి, పరాయి దేశస్థులకు అన్నింటికంటే కష్టమయ్యేవి ఇవేనన్నాడు. వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు వాడుకలోకి తెచ్చింది లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వేసిన పుస్తకం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నింటికంటే పొడవైన పద్దు ఏ పండిత పదానిదో కాదు, 'సెట్' అనే బుల్లి క్రియది. సెట్ అప్, సెట్ ఆఫ్, సెట్ అవుట్, సెట్ ఇన్ అంటూ ఒక్క మాట అన్ని దిక్కులకూ పాకింది.

బజార్లో దొరికే గైడ్లు వీటిని జాబితాలుగా ఇస్తాయి. 'గెట్' అని పైన పెద్దక్షరాలతో వేసి, కింద గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ అవే, గెట్ అలాంగ్, గెట్ త్రూ అని వరసగా దించుతాయి. పిల్లలు రాత్రి కూర్చుని బట్టీ పడతారు. తెల్లారేసరికి గెట్ ఓవర్ పోయి గెట్ త్రూ దగ్గర, గెట్ త్రూ పోయి గెట్ అవే దగ్గర చేరతాయి. పిల్లల జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. ఒకే మొహం ఉన్న మాటలన్నింటినీ ఒకేచోట నిలబెట్టి, ఎవరెవరో గుర్తుపట్టమంటే ఎవరికైనా కష్టమే. పైగా ఆ జాబితాను కలిపి ఉంచేది 'గెట్' ఒక్కటే. అక్కడ అన్నింటికంటే తక్కువ అర్థం మోసేదీ అదే.

నాకు దారి దొరికింది మా ఇంటి పక్క కాక మాటల్లో. ఆయన బొగ్గు బాయిలో, బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలేజీ మీద పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి. బడి చదువు ఎక్కువ లేదు. ఒక సాయంత్రం పాత ముచ్చట్లు చెబుతూ, "హాలేజీ బ్రేక్‌డౌన్ అయితే టబ్బులు ఎక్కడియక్కడ్నే ఆగుతయ్ సారూ. మెకానిక్ వచ్చేదాంక కూసునుడే" అన్నాడు. ఆ వెంటనే యూనియన్ సంగతులు వచ్చాయి. లే ఆఫ్ అన్నాడు, లాకౌట్ అన్నాడు. పోయిన నెల దవాఖానలో చెకప్ చేయించుకున్నానన్నాడు. తను దిగిపోయిన రోజు బాయి మీద సెండాఫ్ ఎంత ఘనంగా చేశారో చెప్పాడు. వింటూ వింటూ ఒక్కొక్కటీ మనసులో పెట్టుకున్నాను. బ్రేక్ డౌన్, లే ఆఫ్, లాక్ అవుట్, చెక్ అప్, సెండ్ ఆఫ్: అన్నీ ఫ్రేజల్ వెర్బులే. ఏ గైడూ చూడకుండా, ఒక్కటి కూడా తప్పు చోట పెట్టకుండా వాడుతున్నాడు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి బొగ్గు తవ్వే హక్కులు వచ్చాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర్లో బెల్లంపల్లిలో తవ్వకం మొదలైంది. ఇక్కడి చాలా ఇళ్లలోకి ఇంగ్లిష్ బడి పుస్తకంతో కాకుండా, పనితో వచ్చింది. మస్టర్, టబ్బు, లెవెల్, డిప్, ప్రాప్, ల్యాంప్ రూం అన్నీ అట్లా వచ్చినవే. వాటితో పాటే ఈ జంట మాటలూ వచ్చాయి, కాకపోతే నామవాచకాలుగా వచ్చాయి. తర్వాతి తరాలు ఇంకొన్ని చేర్చుకున్నాయి: కటాఫ్ మార్కు, డ్రాపవుట్, బ్యాకప్, లాగౌట్, ఫాలోఅప్. పిల్లలు రోజూ నోట్లో ఆడించే మాటలివి.

మరునాడు క్లాసులో కాక మాటను బోర్డు మీద తెలుగులోనే రాశాను. హాలేజీ బ్రేక్‌డౌన్ అయింది. ఇందులో 'అయింది' తీసేసి అదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. కాసేపటికి ఒకరు 'ద హాలేజ్ బ్రోక్ డౌన్' అన్నారు. నామవాచకం విడిపోయి క్రియ అయింది. అప్పుడు పలికే తీరు చెప్పాను. 'బ్రేక్‌డౌన్' అని వస్తువులా వాడినప్పుడు ఊనిక మొదటి మాట మీద పడుతుంది. 'బ్రోక్ డౌన్' అని పనిలా వాడినప్పుడు ఊనిక చివరి 'డౌన్' మీదికి జరుగుతుంది. ఈ తేడా చెవికి పట్టినవాళ్లకు సినిమాల్లో, ఫోన్లో వినిపించే ఇంగ్లిష్ విడివిడిగా వినబడటం మొదలవుతుంది. చెకప్ నుంచి చెక్ అప్, సెండాఫ్ నుంచి సెండ్ ఆఫ్, డ్రాపవుట్ నుంచి డ్రాప్ అవుట్: ఆ పూటంతా పిల్లలే విప్పారు. కొత్తగా నేను చెప్పిన మాట ఒక్కటీ లేదు.

తర్వాత ఒకే క్రియ కుటుంబాన్ని ఎట్లా చెప్పాలన్నది మిగిలింది. అందుకు 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె పనికొచ్చింది. ఆ సెప్టెంబరు 13న సమ్మె మొదలైంది, సింగరేణి కార్మికులు పని ఆపారు, బొగ్గు ఉత్పత్తి కుంటుపడింది, సమ్మె అక్టోబరు దాకా సాగింది. అప్పటికి చిన్నవాళ్లయినా మా పిల్లలకు ఇంట్లో విన్న కథ అది. దాన్ని 'కాల్' అనే ఒక్క క్రియతో మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నాం. సమ్మెకు పిలుపునిచ్చారు, కాల్డ్ ఫర్. అన్ని వర్గాలనూ కలిసి రమ్మని కోరారు, కాల్డ్ ఆన్. బలగాలను రప్పించారు అనాలంటే కాల్డ్ ఇన్. సమ్మె విరమించారు, కాల్డ్ ఆఫ్. నాలుగూ నాలుగు చోట్ల, నాలుగు సమయాల్లో కూర్చున్నాయి. ఒకదాని స్థానంలోకి ఇంకొకటి పోలేదు. జాబితాలో కలిసిపోయే మాటలు కథలో ఎందుకు కలవవంటే, కథలో ఒక్కోదానికి ఒక్కో మనిషి, ఒక్కో రోజు తోడుంటాయి.

ఒక పోరడు చేయెత్తి, "సార్, 'కాల్డ్ ఆఫ్ ఇట్' అనొచ్చా?" అన్నాడు. అనకూడదు, 'కాల్డ్ ఇట్ ఆఫ్' అనాలి. 'ద స్ట్రైక్' అన్నప్పుడు అది మధ్యలోనైనా ఉండొచ్చు, చివరనైనా ఉండొచ్చు. ఇట్, దెమ్, హిమ్ లాంటి సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. పుట్ ఇట్ ఆఫ్, టేక్ ఇట్ ఆఫ్, థ్రో దెమ్ అవుట్. అయితే 'లుక్ ఇంటూ', 'కాల్ ఆన్' లాంటివి విడిపోవు. లుక్ ఇంటూ ఇట్, కాల్ ఆన్ హిమ్. ఈ సూత్రాన్ని మొదటి రోజే చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. అవసరమై అడిగినప్పుడు చెబితే ఆ క్లాసులో ఎవరూ మరచిపోలేదు. ఈ వరస కొత్తదేమీ కాదు. ఈనాడు దినపత్రిక 'ప్రతిభ' పేజీలో ఎం. సురేశన్ రాసిన స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాలు ఎన్నో తెలుగు ఇళ్లలో కత్తిరించి దాచుకున్న కాగితాలయ్యాయి. ఇద్దరు మనుషుల సంభాషణతో పాఠం నడపడమే వాటి బలమని నాకు అనిపిస్తుంది. మాట ముందు ఒకరి నోట వినిపించాలి, వివరణ తర్వాత రావాలి.

ఇంత కష్టమైన భాషను ఇంగ్లిష్‌వాళ్లు ఎట్లా మాట్లాడతారో అని పిల్లలు అంటుంటారు. అప్పుడు వాళ్ల నోట్లోని 'పడు'ను వాళ్లకే వినిపిస్తాను. మస్టర్ పడింది. జీతం పడింది. వాన పడింది. శిక్ష పడింది. ఊళ్లో పేరు పడింది. సంతలో తారసపడ్డాడు. ఆపద నుంచి బయటపడ్డాడు. జ్వరం తగ్గి కుదుటపడ్డాడు. బాయి మూతపడింది. వీటిలో నిజంగా పైనుంచి కిందికి పడింది వాన ఒక్కటే. మస్టర్ పడితే ఒక పూట పని లెక్కలోకి వచ్చినట్టు, జీతం పడితే చేతికి డబ్బు అందినట్టు. బయటపడితే మంచిదే, బాయి మూతపడితే కీడే. ఇన్ని దిక్కులకు పోయే క్రియను బెల్లంపల్లిలో ఐదేళ్ల పిల్లవాడు తడబడకుండా వాడతాడు.

పరాయివాడికి ఇది ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే సి.పి. బ్రౌన్‌ను తలచుకోవాలి. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగంలో కుదిరిన ఆ మనిషి, మనకు జాన్సన్ నిఘంటువు లాంటిదాన్ని తన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు రూపంలో ఇచ్చాడు. పడు, పెట్టు, పట్టు, కొట్టు, తీయు లాంటి క్రియల దగ్గర ఆయన ఒక అర్థం చెప్పి ఆగలేకపోయాడు. అవి కూడిన ప్రయోగాలనూ విడిగా పట్టుకోవలసి వచ్చింది. మన పిల్లలు 'గెట్' దగ్గర పడే పాట్లే ఆయన 'పడు' దగ్గర పడి ఉంటాడు. ఏ భాషలోనైనా ఎక్కువగా వాడిన చిన్న క్రియలకే అర్థాలు ఎక్కువ పుడతాయి. ఇంగ్లిష్‌వాడి తెలివీ, మన తెలివితక్కువతనమూ అంటూ ఇందులో ఏమీ లేవు. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడు వాళ్లు భుజాలు కాస్త సర్దుకుని కూర్చోవడం నేను చూశాను.

ఇక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కొచ్చు. మనం 'తిను' అంటాం, 'తినేయ్' అంటాం. రెండూ ఒకటి కావు. తినేయ్ అంటే మిగల్చకుండా తినమని. ఇంగ్లిష్‌లో ఈట్, ఈట్ అప్ కూడా అంతే. 'కాలింది' వేరు, 'కాలిపోయింది' వేరు. ఇల్లు కాలిపోతే వాళ్లు బర్న్డ్ డౌన్ అంటారు. 'రాయి' వేరు, 'రాసుకో' వేరు. రాసుకో అంటే రైట్ ఇట్ డౌన్. మనకు వేయు, పోవు, కొను చేసే పనిని వాళ్లకు అప్, డౌన్, ఆఫ్, అవుట్ చేస్తాయి. పని పూర్తయిందా, చేయి దాటిపోయిందా, తన కోసం చేసుకున్నాడా అన్న సూక్ష్మమంతా రెండు భాషల్లోనూ ఆ తోడు మాటలోనే ఉంది. ఒకదానికొకటి అచ్చంగా అతకవు గానీ, చూపు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అంటే జాబితాను క్రియ వైపు నుంచి కాకుండా చిన్న మాట వైపు నుంచి చదవాలి.

అట్లా చదివితే చాలా తలుపులు తెరుచుకుంటాయి. 'అప్' చాలాచోట్ల నిండుగా పూర్తికావడం: యూజ్ అప్, డ్రింక్ అప్, ఫిల్ అప్. 'ఆఫ్'లో వేరుపడటం ఉంటుంది: కట్ ఆఫ్, టేక్ ఆఫ్, లే ఆఫ్, కాల్ ఆఫ్, సెండ్ ఆఫ్. 'అవుట్'లో లోపలిది బయటికి రావడమో, ఉన్నది అయిపోవడమో ఉంటుంది: ఫైండ్ అవుట్, గివ్ అవుట్, రన్ అవుట్. 'త్రూ' అంటే ఈ చివర నుంచి ఆ చివరకు: గెట్ త్రూ యాన్ ఇంటర్వ్యూ, గో త్రూ ద పేపర్స్. హాలేజీ కాక భాషలో చెప్పాలంటే, టబ్బు ఒకటే, ఏ తాడుకు తగిలిస్తే ఆ దిక్కుకు పోతుంది.

అన్నీ ఇంత బుద్ధిగా లొంగవు. 'లైట్ వెంట్ ఆఫ్' అంటే దీపం ఆరిపోయింది. 'సైరన్ వెంట్ ఆఫ్' అంటే సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ల మధ్య పెరిగిన ఊరికి ఇది పెద్ద పజిలే. ఒకే మాట ఒకచోట ఆగడం, ఒకచోట మొదలవడం ఎట్లా అవుతుంది? ఉన్న స్థితి నుంచి తెగి కదలడం అనుకుంటే రెండింటికీ కొంత సరిపోతుంది: దీపం వెలుగు నుంచి తెగింది, సైరన్ మౌనం నుంచి తెగింది. అంతకంటే లోతుకు పోనవసరం లేదు. దీపం కొండెక్కిందని మన పెద్దలు అంటే ఏ కొండ అని ఏ పిల్లవాడూ అడగలేదు. దీపం ఆరిన పూటే ఆ మాట విన్నాడు, అందుకే పట్టుకున్నాడు. కారణం దొరికిన చోట కారణంతో, దొరకని చోట సందర్భంతో నేర్చుకోవడమే మేలు.

మనం ఇంగ్లిష్‌ను వాడుకుంటూ కొన్ని జంటలు మన తీరున చేసుకున్నాం. బెల్లంపల్లి స్టేషన్లో రైలు దిగడాన్ని మనవాళ్లు 'గెట్ డౌన్' అంటారు, బయటి దేశాల్లో 'గెట్ ఆఫ్' అంటారు. కాలేజీ చదువు ముగియడాన్ని మనం 'పాస్ అవుట్' అంటాం, లండన్‌లో అదే మాట అంటే స్పృహ తప్పిందని కంగారు పడతారు. 'కోప్' పక్కన మనం 'అప్' చేర్చి 'కోప్ అప్' అంటాం, వాళ్లు చేర్చరు. పిల్లలకు ఈ రెండు వాడుకలూ చెప్పి, ఎక్కడ ఏది నడుస్తుందో చూపిస్తాను. ఇంట్లో ఒక యాస, మార్కెట్‌లో ఒక యాస, టీవీ ముందు ఒక భాష మాట్లాడే మన పిల్లలకు సందర్భాన్ని బట్టి మాట మార్చడం కొత్త విద్య కాదు.

ఇదంతా ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఊరికి ఇప్పుడు ఇది అన్నంతో ముడిపడిన విషయం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపులకు వచ్చింది. బెల్లంపల్లి చుట్టూ పాత బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తండ్రి తర్వాత కొడుకు బాయి దిగే కాలం చాలా ఇళ్లకు తీరిపోయింది. పిల్లలు హైదరాబాద్‌కు, బెంగళూరుకు, గల్ఫ్‌కు పోతారు. అక్కడ మేనేజరు 'ఫిగర్ ఇట్ అవుట్' అంటాడు, ఫోన్లో ఎవరో 'హోల్డ్ ఆన్' అంటారు, మీటింగు 'పుట్ ఆఫ్' అయిందని మెసేజ్ వస్తుంది. 2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. మీడియం మారినంత మాత్రాన ఈ భాష రాదు. సైన్స్ పాఠంలో 'ఎవాపరేట్' వస్తుంది, 'డ్రై అప్' రాదు. సోషల్ పాఠంలో 'అబాలిష్' వస్తుంది, 'డూ అవే విత్' రాదు. పరీక్షలో మార్కులు తెచ్చే ఇంగ్లిష్ వేరు, మనిషితో మనిషి మాట్లాడే ఇంగ్లిష్ వేరు. రెండోదానికి బడి రోజూ కొంత సమయం పెట్టాలి.

ఆ సమయంలో ఏం చేయాలన్నది పెద్ద లెక్కేమీ కాదు. ఒకేసారి ఇరవై నేర్పొద్దు, ఒక సంఘటనకు సరిపడా మూడో నాలుగో చాలు. నోటుబుక్కులో క్రియ పేరుతో కాకుండా సంఘటన పేరుతో పేజీ తెరవాలి: బస్సు తప్పిన రోజు, కరెంటు పోయిన రాత్రి, చెల్లె పెండ్లి. ప్రతి మాటనూ తన ఇంటి మనిషి గురించిన సొంత వాక్యంలో పెట్టాలి. గట్టిగా పలకాలి, చిన్న మాట మీద ఊనిక వినబడాలి. వారం తర్వాత అదే మాటను ఇంకో సంఘటనలోకి తేవాలి. తెలుగు బాగా వచ్చిన పిల్లలకు ఇది ఇంకా సులువు, ఎందుకంటే తినేయ్‌కూ తినుకూ తేడా పట్టిన చెవి ఈట్ అప్‌ను ఊరికే పోనివ్వదు. తెలుగు మానితే ఇంగ్లిష్ వస్తుందని నమ్మే తల్లిదండ్రులకు నేను చేతులు జోడించి చెప్పేది ఇదే: మీ పిల్లల తెలుగును కాపాడండి, ఇంగ్లిష్‌కు దానికంటే మంచి పునాది ఈ ఊళ్లో దొరకదు.

ఇప్పుడు కొత్త బ్యాచ్ మొదలైతే గైడు తెమ్మని చెప్పను. మీ ఇంట్లో, మీ నాన్న పనిలో, మీ ఫోన్లో వినబడే ఇంగ్లిష్ జంట మాటలు రాసుకు రమ్మంటాను. ఒక్కొక్కరూ ఒక పేజీ తెస్తారు. లే ఆఫ్ తెస్తారు, వాకౌట్ తెస్తారు, స్విచాఫ్ తెస్తారు, టేకాఫ్ తెస్తారు. ఆ పేజీల్లోంచే మొదటి నెల పాఠాలన్నీ నడుస్తాయి. తమకు ఏమీ రాదనుకుని వచ్చిన పిల్లలు, తమ ఇంట్లోనే ఇంత ఇంగ్లిష్ ఉందని మొదటి రోజే తెలుసుకుంటారు. ఆ ధైర్యం వచ్చిన పిల్లకు మిగతా ఇంగ్లిష్ నేర్పడం నాకు ఎప్పుడూ బరువు కాలేదు.